ఇంటర్ రెండో సంవత్సరం నుంచి కళాశాల సీటు వరకు: విశాఖలోని తల్లిదండ్రులు ఏయే పనులు ఎలా చేయాలి

ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లల మీద ఆ ఏడాది రెండు బరువులు పడతాయి. ఒకటి చదువు. రెండవది దరఖాస్తులు, ధ్రువీకరణ పత్రాలు, గడువు తేదీలు, ఫీజులు, వెబ్ ఆప్షన్లతో కూడిన కాగితాల పని. మొదటిది వారు మాత్రమే మోయగలరు; రెండవదాన్ని దాదాపు పూర్తిగా మీరు తీసుకోవచ్చు. విశాఖలో చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. వారాంతపు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయని ప్రతి ఆదివారం ఆరా తీసే ఇంట్లోనే కుల ధ్రువీకరణ పత్రం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. జేఈఈ దరఖాస్తును మాత్రం పిల్లవాడు ఒక్కడే ద్వారకానగర్‌లోని ఏదో నెట్ సెంటర్‌లో, తరగతికి ఆలస్యమవుతుందన్న కంగారులో నింపి వస్తాడు. పాఠాలు వారికి వదిలి, కాగితాలు మీరు పట్టుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందుగా దారుల జాబితా రాయండి

రెండో సంవత్సరం తరగతులు మొదలైన రెండు నెలల్లోపు, ఒక ఆదివారం మీరు, మీ అబ్బాయి లేదా అమ్మాయి కలిసి కూర్చుని ఏయే పరీక్షలు రాయాలో ఒక కాగితం మీద రాయండి. ఆ సంభాషణలో ముందు వారిని మాట్లాడనివ్వండి. ఏ బ్రాంచి మంచిదన్న మీ అభిప్రాయాన్ని మొదటి మాటగా పెడితే, ఆ తరువాత వచ్చే జవాబులన్నీ మీకు నచ్చేటట్లు చెప్పినవే అవుతాయి.

ఎంపీసీ విద్యార్థికి రాష్ట్ర ఇంజినీరింగ్ కళాశాలల కోసం ఏపీ ఈఏపీసెట్, ఎన్ఐటీల వంటి జాతీయ సంస్థల కోసం జేఈఈ మెయిన్ అందరికీ తెలిసినవే. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. రెండూ రాస్తే మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు. అందులో అర్హత పొందిన తొలి రెండున్నర లక్షల మందికి ఐఐటీల కోసం జరిగే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం వస్తుంది. బైపీసీ వారికి వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ఉంది. వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల కోసం వారు కూడా ఈఏపీసెట్ రాయాలి. నీట్ ర్యాంకుతో ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతాన్ని అఖిల భారత కోటాలో ఢిల్లీలోని కేంద్ర వైద్య కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నింపుతుంది, రాష్ట్ర కోటా సీట్లను విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నింపుతుంది. రెండింటికీ వేర్వేరుగా నమోదు చేసుకోవాలి. ఆంధ్ర వైద్య కళాశాల మన ఊళ్లోనే ఉన్నా, దానిలో సీటుకు దారి మాత్రం విజయవాడ మీదుగానో ఢిల్లీ మీదుగానో వెళ్తుంది.

ఇంతటితో ఆగవద్దు. మన నగరంలోనే ఉన్న కొన్ని మంచి దారులు తల్లిదండ్రుల దృష్టికి రావు. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలంటే క్లాట్ అనే న్యాయవిద్య ప్రవేశ పరీక్ష రాయాలి. అది కొన్నేళ్లుగా డిసెంబరు మొదటి వారంలోనే, అంటే ఇంటర్ పరీక్షలకన్నా చాలా ముందే జరుగుతోంది. ఇండియన్ మారిటైం యూనివర్సిటీ విశాఖ ప్రాంగణంలో నౌకా నిర్మాణ ఇంజినీరింగ్ ఉంది. దానికి ఆ సంస్థ సొంత ప్రవేశ పరీక్ష ఉంటుంది. భారతీయ పెట్రోలియం, ఇంధన సంస్థ 2016 నుంచి ఇక్కడే నడుస్తోంది. గీతం వంటి డీమ్డ్ విశ్వవిద్యాలయానికి వేరే పరీక్ష, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉన్నాయి. డిగ్రీ చదవదలచిన వారికి డాక్టర్ వీఎస్ కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటివి ఉన్నాయి. డిగ్రీ ప్రవేశాలు ఇంటర్ మార్కుల మీద ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఓడలంటే ఇష్టపడే పిల్లవాడు హార్బరు ఉన్న ఊళ్లో పెరిగి కూడా నౌకా నిర్మాణ కోర్సు పేరు వినకుండా ఇంటర్ దాటిపోవడం బాధాకరం. జాబితా రాసేటప్పుడు పిల్లల ఇష్టాన్ని అడగాలని చెప్పడం ఇందుకే.

అయితే పరీక్షల సంఖ్య పెరిగితే సీట్ల అవకాశం అదే మేరకు పెరగదు. మూడు నాలుగు పరీక్షలు దాటితే ప్రతి దరఖాస్తూ చదువు సమయాన్ని తింటుంది. చేరే ఉద్దేశం లేని సంస్థకు దరఖాస్తు చేయవద్దు.

పత్రాలు: దసరా లోపు పూర్తి చేయవలసిన పని

నా అభిప్రాయంలో తల్లిదండ్రులు చేయగల మేలు అన్నిటికన్నా ఎక్కువగా ఇక్కడే ఉంది.

మొదట పదో తరగతి మార్కుల మెమో తీసి, అందులోని పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చి చూడండి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం మామూలే. తేడా ఉంటే పదో తరగతి మెమోను ఆధారం చేసుకుని ఆధార్‌ను సరిచేయించండి. ఈ మార్పుకు సమయం పడుతుంది కనుక జేఈఈ దరఖాస్తులు మొదలయ్యే అక్టోబరు దాకా ఆగకూడదు.

తరువాత స్టడీ సర్టిఫికెట్లు. ఈఏపీసెట్ కౌన్సెలింగులో, అంటే సీట్ల కేటాయింపులో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల సర్టిఫికెట్లు అడుగుతారు. దానికి కారణం తెలిస్తే అశ్రద్ధ చేయరు. రాష్ట్రంలో 85 శాతం సీట్లు స్థానిక విద్యార్థులకు కేటాయించినవి. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మొదలుకొని ప్రకాశం దాకా ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం. నెల్లూరు, రాయలసీమ జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఇంటర్‌తో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ స్థానికులు. మధ్యలో ప్రాంతం మారితే ఏడేళ్ల లెక్క చూస్తారు. అందుచేత మీ పిల్లలు మూడు బడులు మారి ఉంటే మూడు చోట్లకూ వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. ఏదైనా చిన్న బడి మూతపడి ఉంటే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. జూలైలో గడువుకు రెండు రోజుల ముందు ఈ తిరుగుడు మొదలుపెట్టిన కుటుంబాలు పడే అవస్థ చెప్పనలవి కాదు.

నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంట్ ఉద్యోగాల వల్ల బదిలీలైన కుటుంబాలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. వారు ఒక తేడా గమనించాలి. ఈఏపీసెట్‌లో స్థానికతకు చదివిన సంవత్సరాలు లెక్క; ఎన్ఐటీల్లో సగం సీట్లు దక్కే సొంత రాష్ట్ర కోటాకు మాత్రం పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే లెక్క. ముంబైలోనో కొచ్చిలోనో పదో తరగతి దాకా చదివి విశాఖలో పన్నెండు పాసైన విద్యార్థి తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి సొంత రాష్ట్రం వాడే అవుతాడు, ఈఏపీసెట్‌లో మాత్రం స్థానికుడు కాకపోవచ్చు. సైనికోద్యోగుల పిల్లలు, ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగుల కోటాల పత్రాలను ప్రత్యేకంగా పరిశీలిస్తారు. గత సంవత్సరాల్లో ఇది విజయవాడలో జరిగింది. ఆ తేదీ ప్రకటించిన రోజునే రైలు టికెట్ తీసుకోండి.

కుల, ఆదాయ పత్రాలను గ్రామ లేదా వార్డు సచివాలయం ద్వారా తీసుకోవచ్చు. ఇక్కడ చాలామంది ఒకటి పొరబడతారు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అవుతారని లేదు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఉంటే కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్ (రిజర్వేషన్ వర్తించని సంపన్న శ్రేణి) కాదని చెప్పే పత్రం వేరుగా తీసుకోవాలి. ఐఐటీ, ఎన్ఐటీల కేటాయింపులో ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయిన ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఇతర రిజర్వేషన్లు లేని వర్గాల్లో ఆర్థికంగా వెనుకబడినవారి) పత్రాలే చెల్లుతాయి. కాబట్టి పాత పత్రం ఉందన్న ధీమాతో ఉండకుండా, ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి అర్జీ పెట్టండి. రెండింటికీ ఆదాయ పరిమితి 8 లక్షల రూపాయలే అయినా లెక్కించే పద్ధతి వేరు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, వ్యవసాయం సహా కుటుంబ ఆదాయమంతా కలుపుతారు. ఓబీసీ క్రీమీలేయర్ ఆదాయ లెక్కలో తల్లిదండ్రుల జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు, కానీ వారి ఉద్యోగ స్థాయిని విడిగా చూస్తారు. ఈ తేడా తెలియక, అర్హత ఉండీ జనరల్‌లో దరఖాస్తు చేసుకునేవారు ఉన్నారు.

మరొక చిన్న మాట. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. పాత పత్రం మీద ఒక జిల్లా, దరఖాస్తులో మరొక జిల్లా ఉంటే పరిశీలనలో ప్రశ్నలు వస్తాయి. పాడేరు, చోడవరం, నర్సీపట్నం వైపు నుంచి వచ్చి నగరంలో చదివిస్తున్న కుటుంబాలు ఇది సరిచూసుకోవాలి.

అన్నీ చేతికి వచ్చాక ప్రతిదానికీ నాలుగేసి జిరాక్స్‌లు తీయించి, ఫోన్‌లో స్పష్టమైన స్కాన్ పెట్టుకుని, అసలు పత్రాలను ఒకే ఫైలులో ఉంచండి. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి.

దరఖాస్తులు నింపేటప్పుడు

ప్రతి దరఖాస్తుకూ ఒకే ఫోన్ నంబరు, ఒకే ఈమెయిల్ వాడండి. ఆ నంబరు మీదే అయి ఉండటం మేలు. హాస్టల్లో ఉండే పిల్లల దగ్గర ఫోన్ ఉండదు కనుక ఓటీపీ వారికి చేరదు. నెట్ సెంటర్ యజమాని నంబరుతో దరఖాస్తు చేస్తే కౌన్సెలింగు రోజున మీ పాస్‌వర్డు ఆయన ఫోన్‌కు వెళ్తుంది. పాస్‌వర్డులు, అప్లికేషన్ నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి.

నింపే పని మీరు చేసినా, తుది బటన్ నొక్కే ముందు పిల్లలు ప్రతి గడినీ ఒకసారి చదివి చూడాలి. కేటగిరీ, జెండర్, పరీక్షా మాధ్యమం, పుట్టిన తేదీ అన్నవి తరువాత సరిదిద్దుకునే అవకాశం ప్రతిసారీ ఉండదు. గడువుకు వారం ముందే ఫీజు కట్టి, రసీదు దాచండి. చివరి రోజు సైటు మొరాయించడం ప్రతి ఏడాదీ చూస్తున్నదే.

పరీక్షల నెలలు

ఇంటర్ వార్షిక పరీక్షలను తేలికగా తీసుకోనివ్వవద్దు. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకే ఉంటుంది. ఎన్ఐటీ, ఐఐటీలకు ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో తొలి 20 పర్సెంటైల్‌లో, అంటే పైనున్న 20 శాతం మందిలో, స్థానం గానీ కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు. జేఈఈ మోజులో బోర్డు పరీక్షను పక్కన పెడితే జేఈఈ ర్యాంకు కూడా పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఆన్‌లైన్ పరీక్షా కేంద్రం చినముషిడివాడలో పడవచ్చు, దువ్వాడ వైపు పడవచ్చు, తగరపువలస దాటి కూడా పడవచ్చు. ముందురోజు ఒకసారి ఆ దారిలో వెళ్లి చూసి రండి. ఎన్ఏడీ కూడలి, గాజువాక దగ్గర ఉదయపు రద్దీని లెక్కలో వేసుకోండి. పరీక్ష రాసి బయటికి వచ్చిన వెంటనే ఎన్ని ప్రశ్నలు పెట్టావని అడగవద్దు. తరువాతి పరీక్ష ఎదురుగా ఉన్నప్పుడు ఆ లెక్క వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి 160 ప్రశ్నలకూ జవాబు గుర్తించాలని, జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి అలా చేయకూడదని ముందురోజు గుర్తు చేస్తే చాలు.

ఫలితాలు వచ్చే రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు పిల్లల వెంట ఉండాలి. బంధువుల ఫోన్లకు జవాబు మీరే చెప్పండి. ఫోన్ వారి చేతికి ఇవ్వవద్దు. పక్కింటి పిల్లల ర్యాంకు ప్రస్తావన తేవద్దు. నిద్ర, తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి వినిపించినా దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకుండా పక్కనే కూర్చోండి, ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వైద్యులు ఉన్నారు. జ్వరానికి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లినట్లే దీనికీ తీసుకెళ్లాలి.

ఇంటర్‌లో తప్పినవారికి, మార్కులు పెంచుకోదలచినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. ఏడాది పోయినట్లు కాదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఫలితం వచ్చిన వారంలో తీసుకోకండి. ఆ నిర్ణయం పిల్లలు తమంతట తాము కోరుకున్నదై ఉండాలి.

డబ్బు గురించి ముందే చెప్పండి

ఏడాదికి ఎంత కట్టగలరో, అప్పు ఎంతవరకు చేయగలరో ఆప్షన్లు పెట్టేలోపు పిల్లలకు స్పష్టంగా చెప్పండి. సీటు వచ్చాక కట్టలేమని చెప్పడం వారికి ఎక్కువ కష్టం కలిగిస్తుంది. ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా నింపే కన్వీనర్ కోటాలో కట్టవలసిన ఫీజును రాష్ట్ర ప్రభుత్వం కళాశాలవారీగా నిర్ణయిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, అంటే బి కేటగిరీ సీటులో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అర్హత ఉన్నవారు కూడా మొదటి ఏడాదికి సరిపడా సొమ్ము చేతిలో ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే ప్రభుత్వ నిధుల విడుదల ఆలస్యమైతే ఇబ్బంది పడేది మీరే. హాస్టల్, బస్సు ఖర్చు కలపడం మరచిపోవద్దు. గాజువాక నుంచి సంగివలస దాకా రోజూ వెళ్లి రావడం అంటే ఒక్క వైపే 40 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నాలుగేళ్ల పాటు అది పిల్లల నిద్రలోంచి తీసిన సమయమే.

విద్యా రుణానికి కేంద్రం 2024లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో సీటు వస్తే హామీదారు, తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీరు చూస్తున్న కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

మే, జూన్ నెలల్లో మీకు కళాశాలల పీఆర్వోల నుంచి, సీటు ఇప్పిస్తామనే దళారుల నుంచి ఫోన్లు వస్తాయి. ఈరోజే అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందన్నవారికి డబ్బు ఇవ్వవద్దు. అసలు సర్టిఫికెట్లను ఎవరికీ అప్పగించవద్దు. ఏ సంస్థా విద్యార్థుల అసలు పత్రాలను తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది.

వెబ్ ఆప్షన్లు పెట్టడం

వెబ్ ఆప్షన్లంటే మీకు కావలసిన కళాశాలలు, బ్రాంచిల వరుసను ఆన్‌లైన్‌లో నమోదు చేయడం. ర్యాంకు ఎంత ముఖ్యమో ఆ వరుస కూడా అంత ముఖ్యం. ముందుగా ప్రాసెసింగ్ ఫీజు కట్టి, ధ్రువీకరణ పూర్తి చేయించుకోవాలి. పత్రాలతో చిక్కు వస్తే కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి హెల్ప్‌లైన్ కేంద్రానికి నేరుగా వెళ్లండి. ఫోన్‌లో తేలనిది అక్కడ తేలుతుంది.

గత ఏడాది ఏ కళాశాలలో ఏ బ్రాంచికి చివరి ర్యాంకు ఎంత అన్న పట్టికను అధికారులే ప్రకటిస్తారు. అందులో మీ కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, ఏ ప్రాంతం అన్న గడులను చూడాలి. తరువాత కంప్యూటరును పక్కన పెట్టి పెన్ను, కాగితం తీసుకుని, కళాశాల కోడ్, బ్రాంచి కోడ్‌లతో సహా వరుస రాయండి.

వరుస ఎలా రాయాలన్న దాంట్లో చాలామందికి అపోహ ఉంది. రాదనుకున్న కళాశాలను పైన పెడితే ఆప్షన్ వృథా అవుతుందని భయపడతారు. అది నిజం కాదు. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటరు మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ, ఖాళీ ఉన్న మొదటి సీటును ఇస్తుంది. మొదటిది దొరకకపోతే రెండవ ఆప్షన్‌లో మీ అవకాశం ఏమీ తగ్గదు. అందుచేత వరుస పూర్తిగా ఇష్టం ప్రకారమే ఉండాలి, సాధ్యాసాధ్యాల ప్రకారం కాదు. ఇందుకు రెండో వైపు కూడా ఉంది: వచ్చినా చేరని కళాశాలను జాబితాలో ఎక్కడా పెట్టకూడదు, పైన పెట్టిన సీటు వస్తే కింద ఉన్నవి ఇక మీకు రావు. పై భాగంలో ఆశపడేవి, మధ్యలో గత ఏడాది ర్యాంకులకు దగ్గరగా ఉన్నవి, చివర తప్పకుండా వచ్చేవి ఉండేటట్లు జాబితా పొడవుగా ఉంచండి. పది ఆప్షన్లతో ఆపి, ఏ సీటూ రాక బాధపడేవారు ప్రతి ఏడాదీ ఉంటారు.

కళాశాల ముందా, బ్రాంచి ముందా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: పిల్లలకు ఒక విషయం మీద స్పష్టమైన ఆసక్తి ఉంటే బ్రాంచి ముందు, లేకపోతే కళాశాల ముందు. జాబితాలో పైన ఉన్న నాలుగైదు కళాశాలలకు వారిని తీసుకెళ్లి, రెండో, మూడో సంవత్సరం విద్యార్థులతో వారినే మాట్లాడనివ్వండి. ల్యాబులు తెరిచే ఉంటాయా, పాఠాలు చెప్పేవారు ఏడాది మధ్యలో మారిపోతున్నారా అన్నవి ప్రకటనల్లో కనిపించవు. తుది జాబితాను పిల్లలే చూసి సరేననాలి, ఆ తరువాతే ఫ్రీజ్ (ఖరారు) చేయాలి. ముద్రించిన ప్రతి దాచుకోండి.

రెండు కౌన్సెలింగులు ఒకేసారి నడిచేటప్పుడు

జూన్, జూలైలలో ఐఐటీ, ఎన్ఐటీల సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగు, రాష్ట్ర కౌన్సెలింగు దాదాపు కలిసి వస్తాయి. జోసాలో సీటు వచ్చాక ఫ్రీజ్ అంటే దానితో సరిపెట్టుకోవడం, ఫ్లోట్ అంటే దాన్ని ఉంచుకుంటూనే మీ వరుసలో పైనున్న ఏ సంస్థకైనా వేచి చూడటం, స్లైడ్ అంటే అదే సంస్థలో మెరుగైన బ్రాంచి కోసం చూడటం. సీటు అంగీకార రుసుము గడువులోగా కట్టకపోతే సీటు రద్దవుతుంది, తరువాతి రౌండ్లలో అవకాశం కూడా ఉండదు. సీటు వదులుకునే అవకాశం చివరి రౌండుకు ముందే ముగుస్తుంది. ఆ తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో రాయండి.

ఈఏపీసెట్‌లో మొదటి విడత సీటు నచ్చినా, ఇంకా మెరుగైనది కావాలనుకున్నా, ముందు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కళాశాలలోనూ గడువులోగా రిపోర్టు చేయాలి. తుది విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వచ్చిన క్షణంలో పాత సీటు మరొకరికి పోతుంది. కాబట్టి తుది విడతలో ఇప్పుడున్న సీటుకన్నా నిజంగా మెరుగైనవి మాత్రమే రాయాలి. ఎన్ఐటీ ఖాయమైతే రాష్ట్ర కౌన్సెలింగులోని సీటును గడువులోగా రద్దు చేసుకోండి. మీ ఫీజు తిరిగి వస్తుంది, ఆ సీటు మరొక విద్యార్థికి దక్కుతుంది. చేరే రోజున ఇచ్చిన ప్రతి పత్రానికీ, కట్టిన ప్రతి రూపాయికీ కళాశాల ముద్ర ఉన్న రసీదు తీసుకుని, అదే ఫైలులో పెట్టండి.